రిపేరిలో ఉన్న మోటార్లు

నేను బడి మానేసిన వారానికి మా లెక్కల సారు ఇంటికి వచ్చాడు. పిల్లవాణ్ణి తిరిగి పంపమని అడగడానికి వచ్చాడనుకుని మా అమ్మ కుర్చీ తుడిచి వేసింది. పక్కింట్లో పాలు తెచ్చి కాఫీ పెట్టింది. నేను తలుపు వెనక నిలబడి, సారు ఎంతసేపు బతిమాలితే ఒప్పుకోవాలా అని ఆలోచిస్తున్నాను. ఆయన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఏం లేదమ్మా, మీవాడు బడి సైకిల్ పంపు ఎత్తుకొచ్చినాడంట. అదిస్తే పోతా" అన్నాడు. పంపు తీసుకుని పోయాడు. నా ఊసే ఎత్తలేదు. ఆయన వైపు నుంచి చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. పంపు ఉంటే సైకిళ్ళకు గాలన్నా వస్తుంది. నేనుంటే బడికి ఏమొస్తుంది?

అట్లాంటి నేను ఇప్పుడు ప్రతి నెలాఖరుకూ కళ్ళజోడు పెట్టుకుని, లాభనష్టాల రిపోర్టు ముందేసుకుని, ఆఫీసరు మాదిరి కూర్చుంటాను. మాది బోరు మోటార్ల అంగడి, కళ్యాణదుర్గం నుంచి కంబదూరు పోయే రోడ్డు మీద. కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాను. కొత్తవి అమ్ముతాను. పైపులు, కేబులు, స్టార్టర్లు కూడా ఉంటాయి. ముందు అంగడి, వెనక రేకుల షెడ్డు.

లెక్కలు రాసే అమ్మాయి నెలాఖరున అనంతపురం నుంచి బస్సులో వస్తుంది. బీకాం చదివింది. ఒక మందుల అంగడికి, ఒక విత్తనాల అంగడికి, నాకు, ముగ్గురికీ ఆమే రాస్తుంది. నేను ఆమెను మేడం అంటాను, ఆమె నన్ను అన్నా అంటుంది. ఆమెది ఒక పద్ధతి ఉంది. రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టి, వరస కింద స్కేలు పెట్టి, ఒక్కొక్కటీ నా చేతనే పైకి చదివిస్తుంది. అన్నీ చదివితే గానీ పెన్ను చేతికివ్వదు. ఒకసారి "ఎందుకమ్మా ఈ శిక్ష, యాడ పెట్టాల్నో చూపిస్తే సంతకం పెడతా గదా" అన్నాను.

"చదవకుండా పెడితే అది సంతకం కాదన్నా, వేలిముద్ర" అంది.

నేనూ ఊరికే వదలను. తరుగుదల అని ఒక వరస ఉంటుంది రిపోర్టులో. మొదటిసారి చదివినప్పుడు, "ఇదేంది మేడం, తరుగుదల అని రాసినావు? నేను తిండి యాడ తగ్గించినా?" అని అడిగాను.

"అది మిషన్లదన్నా. నీది ఈ కాగితంలో పట్టదు."

ఇట్లా ప్రతి నెలా టీ తాగుతూ, ఒకరినొకరు గిల్లుకుంటూ రిపోర్టు చదువుకునేవాళ్ళం. అయితే నేను చెప్పబోయే నెల మామూలు నెల కాదు. బ్యాంకువాళ్ళు మా అంగడికి ఒక లిమిటు ఇచ్చారు. షెడ్డులో ఉన్న సరుకును నమ్మి, ఇంతవరకు వాడుకో, వడ్డీ కట్టుకో అంటారు. ఏడాదికోసారి సరుకు చూసి, మా రిపోర్టు చూసి, ఆ లిమిటు అట్లే ఉంచాలా తగ్గించాలా అని తేలుస్తారు. ఆ నెల రిపోర్టు మీదే అది తేలాలి. తీగ కొనడానికీ, కొత్త మోటార్లు తెచ్చి పెట్టడానికీ నాకు ఆ లిమిటే దిక్కు. అది తగ్గితే బల్లల మీద సరుకు తగ్గుతుంది. సరుకు లేని అంగడికి రైతు ఒకసారి వస్తాడు, రెండోసారి ఎదురంగడికి పోతాడు. పైగా వానలు మొహం చాటేసిన ఏడాది. కొత్త బోరు వేసే ధైర్యం ఎవరికీ లేదు. బ్యాంకు కాగితం చెడిపోతే నేను మళ్ళీ ఎవరి దగ్గరో కూలికి తీగ చుట్టుకోవాలి. ఈ వయసులో, ఈ పొట్టతో, ఇంకొకరి స్టూలు మీద కూర్చోవడం ఆ స్టూలుకు కూడా మంచిది కాదు.

ముందురోజే అమ్మాయి ఫోన్ చేసింది. "ఈసారి బిల్లులు చూసి రాస్తే చాలదన్నా. బ్యాంకోళ్ళు వచ్చి చూస్తారు. షెడ్డులో మోటార్లు ఎన్నుండాయో కండ్లారా చూసి లెక్కపెట్టి పెట్టు."

లెక్కపెట్టాను. లుంగీ ఎగగట్టి, చెవిలో పెన్సిలు పెట్టుకుని, మోటారు అన్నదాన్ని ఒక్కదాన్నీ వదలకుండా లెక్కపెట్టాను. వచ్చిన అంకె చూసి నాకే ఆశ్చర్యమేసింది. ఇంత ఆస్తి పెట్టుకుని ఇన్నాళ్ళూ ఇంట్లో ఉల్లిగడ్డ కూరతో ఎందుకు సరిపెట్టుకున్నానా అనిపించింది.

మరునాడు అమ్మాయి నా చీటీ పక్కన బిల్లుల ఫైలు పెట్టుకుని చాలాసేపు చూసింది. టీ చల్లారిపోయింది. తరవాత కళ్ళజోడు పైకి నెట్టుకుని అడిగింది.

"అన్నా, మనం కొన్నవి చూసినా, అమ్మినవి చూసినా. మిగలాల్సింది నాలుగో ఐదో. నువ్వు రాసింది చూస్తే షెడ్డు నిండా ఉండాయి. మోటార్లు పిల్లలు పెడతాండాయా?"

"షెడ్డు చల్లగా ఉండాది గదా మేడం. పెట్టినా పెడతాయి."

"నవ్వులాట కాదన్నా. పా, చూపిచ్చు."

షెడ్డులోకి తీసుకుపోయాను. గోడ పొడుగునా మోటార్లు నిలబెట్టి ఉన్నాయి, పెండ్లిలో బంతికి కూర్చునే ముందు జనం నిలబడినట్టు. ఒక్కొక్కదానికీ తీగతో కట్టిన అట్టముక్క. దాని మీద ఊరి పేరు, ఫోన్ నంబరు, కింద రిపేరి అని నా కోడిగీతల రాత. ఆమె వంగి ఒకటి చదివింది.

"ఇది రిపేరికొచ్చిందా?"

"ఆ."

"ఏం రిపేరి?"

"ఏం లేదు."

"మల్ల ఇది?"

"ఇదీ బాగానే ఉండాది."

"అదో, ఆ మూలది?"

"అది నాకంటే బాగుండాది మేడం. మొన్ననే తిప్పి చూసినా."

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "బాగుండేటివన్నీ రిపేరికి ఎందుకొచ్చినాయన్నా?"

ఇది మా పక్క రైతుల్లో ఉన్న పద్ధతి. ఎవరూ బయటికి చెప్పరు, అందరికీ తెలుసు. బోరు ఎండిపోతుంది. మోటారు పైకి తీస్తారు. తీసినదాన్ని ఇంటి ముందు పెడితే దారిన పోయే ప్రతివాడికీ తెలిసిపోతుంది, ఈ ఇంటి బోరు పోయిందని. అప్పిచ్చినవాడు ఆ రోజే వస్తాడు. పొలం గుత్తకు చేసేవాడు పక్క పొలం చూసుకుంటాడు. ఇంట్లోవాళ్ళే పొలం సంగతి వేరే రకంగా మాట్లాడడం మొదలుపెడతారు. అందుకని మోటారును ఆటోలో వేసుకుని నా దగ్గరికి తెస్తారు. షెడ్డులో దింపుతారు. అన్నా, అట్టముక్క మీద రిపేరి అని రాయి అంటారు. ఊరికి పోయి, మోటారు రిపేరికిచ్చినాం అని చెప్పుకుంటారు. అది నా షెడ్డులో ఉన్నంతకాలం బోరు పోయినట్టు కాదు. రిపేరి అయిపోతే నీళ్ళొస్తాయి, అంతే. వానలు పడిన ఏడాది కొన్ని బోర్లకు నిజంగానే నీళ్ళు ఎక్కుతాయి. అప్పుడు నవ్వుకుంటూ వచ్చి తీసుకుపోతారు. నేను చేసేదల్లా అప్పుడప్పుడూ షాఫ్టు చేత్తో తిప్పడం. తిప్పకుండా వదిలేస్తే పట్టేస్తుంది. దానికి ఎవరినీ ఏమీ అడగను. అడిగితే బిల్లు ఇవ్వాలి, బిల్లు ఇస్తే ఏం రిపేరి చేశానో రాయాలి.

మూలలో ఉన్న మోటారు కంబదూరు అవతల నుంచి వచ్చే ఒక పెద్దాయనది. నేను మామా అంటాను, చుట్టరికం ఏమీ లేదు. ఆయన కొడుకు, బోరే లేనప్పుడు పొలం ఎందుకు, సోలారు ప్లాంటువాళ్ళకు ఇచ్చేద్దాం అంటాడు. బోరు లేకపోవడమేంది, మోటారు రిపేరిలో ఉండాది అంటాడు ఈయన. ఆ ఒక్క మాట మీద ఆ పొలం నిలబడి ఉంది. ఆయన సంతకొచ్చినప్పుడల్లా నా షెడ్డుకొచ్చి, మోటారు మీద చెయ్యి వేసి, కాసేపు కూర్చుని పోతాడు.

ఇదంతా చెప్పి, నవ్వుతుందేమోనని అమ్మాయి మొహం చూశాను. నవ్వలేదు. అట్టముక్కను వేలితో అటూ ఇటూ తిప్పుతూ, "నేను ఇంటర్ చదివేటప్పుడు మా నాయన కూడా ఇదే చెప్తాండె, మోటారు రిపేరిలో ఉండాదని" అంది. అట్టముక్క వదిలేసి అంగట్లోకి వచ్చి, స్కేలు తీసి, నా చీటీలో ఉన్న అంకెకు అడ్డగీత కొట్టింది.

తరవాత రిపోర్టు మళ్ళీ వేసింది. మావి మాత్రమే రాసింది. సరుకు విలువ అడుగుకు దిగింది. నెల నష్టం కింద పడింది. నేను గట్టిగా పైకి చదవాల్సిన వరస అదే. చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను.

"ఈ కాగితం పోతే లిమిటు తగ్గుతాది గదా మేడం?"

"తగ్గుతాదన్నా."

"అవి గూడా రాస్తే?"

"రాస్తే నిలుస్తాది. షెడ్డులో ఉండాయి, బ్యాంకోడు చూస్తాడు, టిక్కు కొడతాడు." స్కేలు పక్కన పెట్టి చెప్పింది. "కానీ రాసినామంటే అవన్నీ బ్యాంకుకు తాకట్టు పెట్టినట్టే. రేపు నువ్వు కట్టలేకపోతే షెడ్డుకు సీలేస్తారు. ఆ మామ మోటారు గూడా లోపలే ఉంటాది. వానొచ్చినా బయటికి రాదు."

నేను తల గోక్కున్నాను. "సగం రాద్దామా? మూలలో ఉండేది వదిలేసి?"

"యా సగమో నువ్వే చూపిచ్చు అన్నా. ఎవరిది రాయాల్నో ఆ అట్టముక్కలు తెచ్చి నా ముందర పెట్టు. రాస్తా."

లేచి షెడ్డు గుమ్మం దాకా పోయాను. తెలిసిన ఊర్లు, తెలిసిన నంబర్లు. ఎవరిది తేవాలి? ఫోన్ చేస్తే నా గొంతు విని ముందు ఏందన్నా వానొచ్చిందా ఆ పక్క అని అడిగేవాళ్ళే అందరూ. ఒట్టి చేతులతో తిరిగొచ్చి సంతకం పెట్టాను. చదివే పెట్టాను. ఆమె ఇంకో కాగితం తీసి, ఇవి రైతులవి, రిపేరి కోసం వచ్చినవి, అంగడి సరుకు కావు అని రాసి రిపోర్టు కింద పిన్నుతో కుట్టింది. బస్సెక్కే ముందు, "ఇంటికి పోయి వదినకు చెప్పన్నా. ఎదురంగడోనికి కాదు" అని మరీ చెప్పి పోయింది.

ఆమెకు నా సంగతి తెలుసు. నా నోటికి స్టార్టరు ఉంది గానీ ఆపే మీట లేదు. మరునాడు టీ కొట్టు దగ్గర ఎవరో, ఏందన్నా, బ్యాంకు పని అయ్యిందా అని అడిగిన పాపానికి మొత్తం చెప్పేశాను. నవ్విస్తూనే చెప్పాననుకోండి. షెడ్డు నిండా మోటార్లు, రిపోర్టు నిండా నష్టం, నాది మోటార్ల అంగడి కాదు మోటార్ల హాస్టల్ అని. బ్యాంకాయన ఏ రోజు వస్తాడో కూడా చెప్పాను. నవ్వారు. ఆ నవ్వు కంబదూరు బస్సెక్కి ఎంత దూరం పోయిందో నాకు తరవాత తెలిసింది.

వారం తిరక్కుండా బ్యాంకు ఆఫీసరు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన కుర్రవాడు, మర్యాదస్తుడు. చెమట తుడుచుకుంటూ షెడ్డంతా చూశాడు. అదే సమయానికి పెద్దాయన కూడా దిగాడు. సంత రోజు కాదు. ఉతికిన పంచె కట్టుకున్నాడు, భుజం మీద కొత్త తువ్వాలు. నేను పలకరించేలోగా గోడవారగా పోయి నిలబడ్డాడు. అంగడి ముందు ఆయన ఊరివాళ్ళు ఇద్దరు పైపులు బేరం చేస్తున్నారు.

ఆఫీసరు కాగితం చూసి, మోటార్ల వరస చూసి, మళ్ళీ కాగితం చూశాడు. "ఇన్ని ఉన్నాయి కదండీ. మీరు నాలుగే రాశారేంటి? ఇవన్నీ కలుపుకుంటే పాత లిమిటు ఉన్నదున్నట్టు పంపించేస్తాను కదా."

నేను నోరు తెరిచేలోగా పెద్దాయన ముందుకు వచ్చాడు.

"ఈయప్పకు రాసేది రాదు సార్, బడికి సరిగ్గా పోల్యా. ఆ మూలలో ఉండేది నాదే. నేను ఈయప్పకు అమ్మేసినా. అది ఈయప్ప సరుకే, రాసుకోండి."

"అమ్మేశారా? ఎందుకు?"

"బోరు పోయింది సార్." ఆయన గొంతు పెద్దదిగానే వచ్చింది. "ఎండిపోయి శానా దినాలయ్యింది. ఇంగ మోటారుతో నాకేం పని?"

పైపులు బేరం చేస్తున్న ఇద్దరూ బేరం ఆపి తలలు తిప్పారు. సాయంత్రానికి ఆ మాట ఆయన ఇంటి గుమ్మంలో ఉంటుంది. ఆయనకూ తెలుసు. వాళ్ళ వైపు చూడలేదు. ఆఫీసరు చేతిలో పెన్ను వైపే చూస్తున్నాడు.

"సార్, ఈ మామ మాట వినద్దండి" అన్నాను. "ఆయప్పకు ఎండ తగిలింది. నేను కొనలేదు. అది రిపేరికొచ్చింది. రోటరు పోయింది, కొత్తది రావాల. రాంగానే బిగిస్తా, తీస్కపోతాడు."

"ఏమప్పా, అమ్మినా అని నేను చెప్తాంటే!"

"నేను కొనలేదని నేను చెప్తాండా గదా మామా!"

"దుడ్లు గూడా తీసుకున్నా సార్!"

"ఏందీ, ఎవరిచ్చినారు? నా జేబులో యానాడన్నా దుడ్లు చూసినావా నువ్వు?"

ఆఫీసరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. అమ్మినవాడు అమ్మానంటాడు, కొన్నవాడు కొనలేదంటాడు. అతనికి ఇట్లాంటి పంచాయితీ అదే మొదటిసారి అయ్యుండాలి. "బిల్లు ఏమన్నా ఉందాండీ?" అని అడిగాడు. బిల్లు ఉంటే గదా చూపించేది. అతను నిట్టూర్చి, అమ్మాయి కుట్టిన కాగితం మీద వేలు పెట్టి, "అయితే ఇందులో రాసిందే రాసుకుంటాను" అన్నాడు. టీ వద్దని, మంచినీళ్ళు మాత్రం తాగి పోయాడు.

పెద్దాయన తువ్వాలు దులుపుకుని, బయట నిలబడ్డ ఊరివాళ్ళ దగ్గరికి పోయాడు. నేను ఇంకా పెద్ద గొంతుతో వాళ్ళకు వినబడేటట్టు, "మామా, రోటరు ఈ వారం రాదు, వచ్చే వారం కనుక్కో" అని అరిచాను. ఆయన వెనక్కి తిరక్కుండా చెయ్యి ఊపాడు. ఊరివాళ్ళలో ఒకడు, "ఏందప్పా, బోరు పోయిందంటివే" అని అడగడం, ఆయన, "బ్యాంకోని ముందర అట్ల చెప్పాల్లేప్పా, నీకు తెల్దు" అనడం నాకు వినబడింది. గుండె కొంచెం కుదుటపడింది.

లిమిటు సగానికి తగ్గిందని తరవాత కాగితం వచ్చింది. అది చదివినప్పుడు మాత్రం నాకు ఒక్క జోకూ తోచలేదు. కొత్త మోటార్లు నిలవ పెట్టడం మానేశాను. ఎవరన్నా కాలిన మోటారు తెస్తే ముందు దుడ్లు తీసుకుని, ఆ దుడ్లతో తీగ తెచ్చి చుట్టడం మొదలుపెట్టాను. అడగడానికి మొదట్లో నోరు రాలేదు. బల్లలు ఖాళీగా కనబడకుండా ఖాళీ స్టార్టరు డబ్బాలు పేర్చాను. ఆ నెలా నష్టమే, ఆ తరవాత నెలా నష్టమే. ప్రతిసారీ అమ్మాయి స్కేలు పెట్టి చదివించింది, నేను చదివాను. ఒక నెలాఖరున మాత్రం కడపటి వరస దగ్గర స్కేలు పెట్టి నవ్వింది.

"ఇంత చిన్నదాన్ని గూడా లాభమనే అంటారన్నా."

"చూస్తే కనబడల్యా మేడం. కళ్ళజోడు మార్చాలేమో."

"వడ్డీ తగ్గింది గదన్నా. ముందర దుడ్లు తీసుకుంటాండావు. అట్ల వచ్చింది. ఇట్లే పోతే అంగడి నిలుస్తాది. పెద్దది కాదు, నిలుస్తాది."

టీ ఇంకో రౌండు చెప్పాను. సరిగ్గా అప్పుడే పెద్దాయన వచ్చాడు, ఆ రోజు సంత. మమ్మల్ని చూసి తలూపి, నేరుగా షెడ్డులోకి పోయి, మూలలో తన మోటారు మీద చెయ్యి వేసి, షాఫ్టు పట్టుకుని తిప్పి చూసుకున్నాడు. మెత్తగా తిరిగింది. ఆయన మొహం కూడా మెత్తబడింది. అంగట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

లాభం వచ్చిన ధైర్యమో ఏమో, నాకు నాలుక దురద పుట్టింది.

"ఏం మామా, ఆస్పత్రిలో పేషెంటును చూసినట్ల చూసి వస్తివి. బాగుండాడా? నీ మోటారు ఈడ కూర్చోని నా లిమిటు సగం మింగేసింది, తెలుసునా? అందుకన్నా రొంత బాడిగ ఇయ్యి."

పెద్దాయన నా కోసం వచ్చిన టీ గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, అమ్మాయి వైపు తిరిగి చెప్పాడు.

"చూడమ్మా, బాగుండే మోటారును తెచ్చి రిపేరికిచ్చినా. ఇన్నాళ్ళయినా చేసియ్యలేకపాయె. ఇట్లాంటి మేస్త్రికి ఆ సగం లిమిటన్నా యా ధైర్యంతో ఇచ్చినారమ్మా బ్యాంకోళ్ళు!"